ఆరు వసంతాలు వాడాక: వాలు కొలిచే బిళ్ల, మంచు థర్మామీటర్

రెండూ ఒకే రోజు కొన్నాను. సియాటిల్‌లో ఉంటాం. మే, జూన్‌లలో కుదిరిన శనివారమల్లా మౌంట్ రెయినియర్ మీద, పారడైజ్ (5,400 అడుగులు) నుంచి క్యాంప్ మ్యూర్ (సుమారు 10,100 అడుగులు) వైపు స్కీలకి స్కిన్లు (వెనక్కి జారకుండా అడుగున అంటించే పట్టీలు) అంటించుకుని ఎక్కి, జారుకుంటూ దిగుతాం. లిఫ్టుల్లేవు, జారబోయే మంచుని ముందే పేల్చి దింపేవాళ్లూ లేరు. మంచు చరియల ప్రమాదం గురించి చెప్పే ఇక్కడి అవలాంచ్ కేంద్రం కూడా రోజువారీ సూచనలు ఏప్రిల్ మధ్యలో ఆపేస్తుంది. ఆ తర్వాత ఎవరి జాగ్రత్త వాళ్లదే.

ముందు థర్మామీటర్. ఐసునీళ్లలో ముంచితే ఇప్పటికీ కచ్చితంగా 0 చూపిస్తుంది, వస్తువుకి వంక పెట్టలేం. జనవరిలో పొరల మధ్య వేడి తేడా చూడ్డానికి బాగానే పనికొచ్చింది. వసంతంలో మాత్రం మనకి తెలియాల్సింది మంచులో నీళ్లెన్ని ఉన్నాయన్నది. కాస్త చెమ్మగా ఉన్న మంచూ 0 డిగ్రీలే, నీళ్లోడే మంచూ 0 డిగ్రీలే. ఈ ముక్క నాకు ఎక్కడానికి మూడేళ్లు పట్టింది.

ఒక మే నెలలో, రాత్రి గాలి -1 డిగ్రీ ఉందని చూసి మంచు గడ్డకట్టే ఉంటుందిలే అనుకుని బయల్దేరాం. రాత్రంతా మబ్బే. మబ్బు పట్టిన రాత్రి మన ఊళ్లో ఉక్కపోస్తుందే, అదే లెక్క: మంచు తన వేడిని ఆకాశంలోకి వదల్లేకపోయింది. అదే చుక్కలు కనబడే రాత్రయితే గాలి 2 డిగ్రీలున్నా పైపొర బిగుసుకుంటుంది. ఆ పొద్దున పైన రెండు వేళ్ల పెచ్చు, కింద ఉప్మా. తొమ్మిదిన్నరకి స్కీలు విప్పి నిలబడితే బూటు పిక్క దాకా దిగింది. థర్మామీటర్ ముల్లు గుచ్చాను, 0. పది నిమిషాలాగి మళ్లీ గుచ్చాను, 0. నాతో వచ్చిన అన్న పిడికెడు మంచు తీసి పిండాడు. మణికట్టు మీదుగా నీళ్లు కారాయి. "ఇంకా ఏం చూస్తావురా, పద" అన్నాడు. దిగుతుంటే ఎదుటి వాలు మీద ఎండకి కాగిన రాళ్ల పక్కనుంచి లడ్డూలంత ఉండలు దొర్లాయి. కాసేపటికి పైపొర విసనకర్రలా విచ్చుకుంటూ, కలిపిన కాంక్రీటులా నింపాదిగా జారింది. నింపాదిగానే, కానీ దారిలో ఉన్న పిల్లచెట్లు మళ్లీ కనబడలేదు.

బిళ్ల సంగతి వేరు. స్కీ కర్రని వాలు మీద పడుకోబెట్టి దానిమీద పెడితే డిగ్రీలు చూపిస్తుంది. పలకలుగా విరిగే మంచు చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే పుడతాయి. మొదట్లో నేను 28 అనుకున్నవి కొలిస్తే 34, 35 వచ్చేవి! ఇప్పుడు కన్ను కొంత కుదిరింది. ఫోన్‌లో యాప్ ఉంది కానీ చలికి బ్యాటరీ పడిపోతుంది, ఎండలో తెర కనబడదు. ఒకటి మర్చిపోకూడదు: మనం 25 మీద నిలబడ్డా నెత్తిన 38 ఉంటే కొలవాల్సింది పైదాన్ని.

బిళ్లకి 5కి 4.5. అంకెలు అరిగిపోయాయి, ఆ అర దానికే కోశాను. థర్మామీటర్‌కి 2. ఇప్పుడది వంటింట్లో ఉంది, తోడు పెట్టేముందు పాల వేడి చూడ్డానికి మా ఆవిడ వాడుతోంది. ఆవిడైతే 5 ఇస్తానంటోంది.