కాలిన ర్యామ్ స్లాటుతో ఇన్నేళ్లు: మా ఇంట్లో బిగించుకున్న కంప్యూటర్ సమీక్ష

తీర్పు ముందే చెబుతాను. ర్యామ్ (కంప్యూటర్ తాత్కాలిక మెమరీ) తప్పుగా బిగించడం వల్ల సగం దెబ్బతిన్న మదర్‌బోర్డు (భాగాలన్నీ తగిలించే ప్రధాన బోర్డు) మీద తిరుపతిలో నా డీటీపీ పని ఏళ్ల తరబడి ఆగకుండా నడుస్తోంది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు అన్నీ దీని మీదే తయారవుతున్నాయి. అయినా ఈ బోర్డు బాగైందని నేను అనను. మిగిలిన సగంతో పనిచేస్తోంది, అంతే. ఈ తేడా తెలియకపోతే ఒకరు మంచి వస్తువులను చెత్తలో వేస్తారు, మరొకరు చెడిన వస్తువును నమ్మి ఫైళ్లు పోగొట్టుకుంటారు.

2020లో మా తమ్ముడూ నేనూ విడిభాగాలు తెచ్చి కొర్లగుంటలోని మా ఇంట్లోనే దీన్ని బిగించాం. రైజెన్ 5 3400జీ ప్రాసెసర్, నాలుగు ర్యామ్ స్లాట్లున్న బీ450 బోర్డు, డీడీఆర్4 రకం 8 జీబీ ర్యామ్ స్టిక్ ఒకటి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. పెళ్లిళ్ల కాలంలో ఫ్లెక్సీల పని పెరిగి మెమరీ చాలకపోవడంతో, ఇళ్లకు వచ్చి సర్వీసు చేసే ఒక టెక్నీషియన్ చేత ఇంకో 8 జీబీ వేయించాను. అతను సిస్టమ్ స్లీప్‌లో ఉండగానే క్యాబినెట్ తెరిచాడు. పాత స్టిక్ పక్కనే ఉన్న స్లాటులో కొత్తది పెట్టి ఒక చివర మాత్రమే నొక్కాడు. బటన్ నొక్కగానే కాలిన వాసన వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి గానీ డిస్‌ప్లే రాలేదు.

ఇందులో ఎన్ని పొరపాట్లున్నాయో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇవి రోజూ ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటాయి. స్లీప్‌లో ఉన్నప్పుడు ర్యాముకు కరెంటు అందుతూనే ఉంటుంది. షట్‌డౌన్ చేసినా సరే, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె) వెనక స్విచ్ ఆపనంతవరకు బోర్డులోకి 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరా వస్తూనే ఉంటుంది. డీడీఆర్4 స్టిక్‌కు 288 పిన్నులు, ఒక్కో వైపు 144. పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం 0.85 మిల్లీమీటర్లే. స్టిక్ ఒరిగి కూర్చుంటే కరెంటు పిన్ను పక్కదాన్ని తాకడానికి ఆ దూరం ఎంతమాత్రం అడ్డు కాదు. పైగా మా బోర్డులాంటి వాటిలో స్లాటుకు ఒకవైపే క్లిప్పు ఉంటుంది. ఆ క్లిప్పు పడిన శబ్దం విని రెండో చివర కూడా దిగిందనుకుంటారు. స్టిక్ ఎటు తిరిగి ఉండాలో చెప్పే గాడి దాదాపు మధ్యలోనే ఉండటంతో అటూ ఇటూ చూడకుండా నొక్కేవారూ ఉన్నారు.

‘బోర్డు పోయింది, ప్రాసెసర్ కూడా పోయి ఉంటుంది, కొత్తది తీసుకోవడమే మంచిది’ అని చెప్పి టెక్నీషియన్ వెళ్లిపోయాడు. ప్రాసెసర్ మీద అనుమానం అర్థం లేనిది కాదు. ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ ఇప్పుడు ప్రాసెసర్‌లోనే ఉంటుంది కాబట్టి ర్యామ్ దగ్గర మొదలైన షార్ట్ అక్కడిదాకా పాకవచ్చు. కానీ అనుమానం వేరు, పరీక్ష వేరు. అతను పాత స్టిక్‌ను పాత స్లాటులోనే పెట్టి చూసి తేల్చేశాడు.

తమ్ముడు ఎస్‌ఎంపీఎస్ స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, పవర్ బటన్ నొక్కి మిగిలిన కరెంటు పోనిచ్చాడు. టార్చి వేసి చూస్తే కొత్త స్టిక్ అంచున గోధుమరంగు మచ్చ, స్లాటులో నల్లబడ్డ పిన్నులు కనిపించాయి. ఆ స్టిక్‌ను తీసి పక్కన పెట్టేశాం. ‘వేరే సిస్టమ్‌లో పెట్టి చూద్దాం’ అని ఎవరన్నా ఒప్పుకోకండి. లోపల షార్ట్ అయిన స్టిక్ బాగున్న బోర్డును కూడా కాల్చగలదు.

తర్వాత సీఆర్2032 బ్యాటరీ తీసి, బయోస్ (బోర్డును మొదలుపెట్టే ప్రోగ్రాం) సెట్టింగులు చెరిపి, పాత స్టిక్‌ను ఒక్కదాన్నే పాత చోట పెడితే ర్యామ్ లోపాన్ని చూపే, బోర్డు మీది డీర్యామ్ లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. అదే స్టిక్‌ను ప్రాసెసర్ వైపు నుంచి ఏ1, ఏ2, బీ1, బీ2 వరసలో నాలుగోదైన బీ2 స్లాటుకు మార్చాం. ర్యామ్ మార్చాక మొదటిసారి బోర్డు దాన్ని కొలుచుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది, తెర నల్లగా ఉంటుంది. కంగారుపడి ఆపేయకుండా ఎదురుచూశాం. డిస్‌ప్లే వచ్చింది! ఏ1, ఏ2 స్లాట్లు ఒకే ఛానల్ (ప్రాసెసర్‌కూ ర్యాముకూ మధ్య డేటా దారి) మీద, ఒకే డేటా లైన్ల మీద ఉంటాయి. కొత్త స్టిక్ పెట్టిన ఏ1లో పిన్నులు కాలితే, పాత స్టిక్ ఉన్న పక్క స్లాటు ఏ2 కూడా పనికిరాకుండా పోవచ్చు. బీ ఛానల్ దారి వేరు. తమ్ముడి స్నేహితుడి ఏఎం4 బోర్డులో (మా ప్రాసెసర్‌కు సరిపోయే సాకెట్ రకం) మా ప్రాసెసర్ పెట్టి చూస్తే రెండు ఛానళ్లూ పనిచేశాయి. అంటే పోయింది బోర్డులో సగం మాత్రమే. ఆ రోజు మా ఇంట్లో కలిగిన ఊరట మాటల్లో చెప్పలేను.

చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో చిప్ లెవల్ సర్వీసు (బోర్డు మీది భాగాలు ఊడదీసి మార్చడం) చేసేవారికి చూపించాం. స్లాటు మార్చగలమన్నారు గానీ, అది ఊడదీసేటప్పుడు బోర్డు లోపలి పొరలకు ఏం జరిగినా పూచీ లేదన్నారు. నిజం దాచకుండా చెప్పినందుకు వారి మీద గౌరవం కలిగింది. బోర్డును అలాగే వెనక్కి తెచ్చేశాం.

ఇక వాడకం గురించి. కాలిన స్టిక్ బదులు ఇంకొకటి వేశాక, ఇప్పుడు బీ1, బీ2లలో చెరొక 8 జీబీ ఉన్నాయి. మొత్తం 16 జీబీ అయినా ఛానల్ ఒక్కటే. డీడీఆర్4-2666 వేగంలో ఒక ఛానల్ సెకనుకు సుమారు 21.3 జీబీ మోస్తుంది, రెండుంటే దానికి రెట్టింపు. అను తెలుగు ఫాంట్లతో పేజీలు కట్టేటప్పుడు ఈ లోటు అసలు తెలియదు. ఫొటోషాప్‌లో పెద్ద ఫ్లెక్సీ తెరిస్తే జూమ్ చేసిన ప్రతిసారీ తెలుస్తుంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా ఇదే మెమరీని వాడుకోవాలి కదా. తమ్ముడు ఆటలు ఆడటం దీని మీద మానేశాడు.

వేగం కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఇంకొకటి. ఎండాకాలంలో, గదిలో ఉక్కపోతగా ఉన్న మధ్యాహ్నాల్లో, సేవ్ చేసిన పీడీఎఫ్‌లు కొన్ని తెరుచుకోలేదు. ఒక పెళ్లి పత్రిక ప్రెస్సుకు వెళ్లే ముందు అలా జరగడంతో ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాంను పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడిపాం. ఎక్స్‌ఎంపీతో (ర్యామ్ వేగం పెంచే బయోస్ సెట్టింగు) 3000 వేగంలో తప్పులు వచ్చాయి. స్టిక్కులు ఒక్కొక్కటిగా, స్లాట్లు మార్చి మార్చి పరీక్షించాం. ఏ స్టిక్ పెట్టినా బీ1 స్లాటులోనే తప్పులు. అంటే లోపం స్టిక్కులది కాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కాంటాక్టులు తుడిచి, వేగం 2666కు తగ్గించాక తప్పులు పోయాయి. చాలా దుకాణాల్లో పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. పిన్నుల మీది బంగారు పూత పల్చనిది, అది అరిగిపోతుంది, రబ్బరు పొడి స్లాటులో పడుతుంది. నా సిస్టమ్‌కు రబ్బరు తగలనివ్వను.

అప్పటినుంచి ఫైలు చెడిపోలేదు. అయినా పరీక్ష లేకుండా దీన్ని నమ్మను. ప్రతి వేసవి మొదట్లో మెమ్‌టెస్ట్ నడుపుతాను. పత్రికల ఫైళ్లు ఏరోజువి ఆరోజే వేరే డిస్కులోకి కాపీ చేస్తాను.

ప్రాసెసర్‌కూ స్టిక్కులకూ ఐదుకు ఐదు మార్కులిస్తాను. బోర్డుకు ఇప్పుడున్న స్థితిలో రెండున్నర. కొత్త తరం ఏఎం5 బోర్డులు డీడీఆర్4ను తీసుకోవు కాబట్టి అటు వెళితే అన్నీ మార్చాలి. అందుకే వాడిన బీ450 బోర్డు ఒకటి వెతుకుతున్నాను. అమ్మేవారి ఎదుటే నా స్టిక్‌ను నాలుగు స్లాట్లలోనూ ఒక్కొక్కదానిలో పెట్టి బూట్ చేయిస్తాను, ఆ తర్వాత రెండు స్టిక్కులు పెట్టి బయోస్‌లో డ్యూయల్ ఛానల్ అని చూపిస్తేనే డబ్బు ఇస్తాను.