బ్రాడీపేటలో ఆరు ఆదివారాల గ్రీకు విషాద నాటక తరగతులు

గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంటి మేడ మీది హాలులో, ఆరు ఆదివారాల పాటు ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు జరిగిన గ్రీకు విషాద నాటక సిద్ధాంత తరగతులకు ఒక్క రోజూ మానకుండా వెళ్లాను. రుసుము 1,200 రూపాయలు. జిరాక్సు నోట్సు, మధ్యలో టీ అందులోనే. పద్యనాటకాలు వింటూ పెరిగినవాణ్ణి కనుక, అరిస్టాటిల్ చెప్పిన సూత్రాలు మన రంగస్థలానికి ఎంతవరకు పనికివస్తాయో తెలుసుకోవాలన్నదే నా కోరిక.

బోధించినవారు విశ్రాంత ఆంగ్లోపన్యాసకులు. మొదటి రోజంతా అరిస్టాటిల్ నాటక సిద్ధాంత గ్రంథం ‘పొయెటిక్స్’ ఆరో అధ్యాయంలోని నిర్వచనం మీదనే గడిపారు: గంభీరమూ సంపూర్ణమూ తగినంత పరిమాణం గలదీ అయిన ఒక క్రియకు అనుకరణ, జాలినీ భయాన్నీ పుట్టించి వాటికి కథార్సిస్ (ప్రక్షాళన అనదగ్గ మాట) కలిగించేది. నాటకానికి చెప్పిన ఆరు అంగాల్లో కథా సంవిధానానిది మొదటి స్థానమనీ, పాత్ర దాని తరువాతే వస్తుందనీ ఆయన నిదానంగా, ఉదాహరణలతో ఒప్పించారు. కాల, స్థల, క్రియైక్యాలు (కథ ఒక రోజులో, ఒకే చోట, ఒకే క్రియగా నడవాలన్న నియమాలు) మూడూ అరిస్టాటిల్ విధించాడని కాలేజీలో చదువుకున్న నాకు, ఆయన పట్టుబట్టింది క్రియైక్యం ఒక్కదాని మీదేననీ, స్థలైక్యం ప్రసక్తే ఆ గ్రంథంలో లేదనీ, మూడింటినీ నియమంగా బిగించింది 16వ శతాబ్దపు ఇటలీ పండితులనీ ఇక్కడే తెలిసింది.

మూడో ఆదివారం, తెలియకుండానే తండ్రిని చంపి తల్లిని పెళ్లాడిన రాజు కథ అయిన సోఫోక్లిస్ నాటకం ‘ఈడిపస్’లో, అతడు పెరిగిన కోరింత్ నగరం నుంచి దూత వచ్చే ఘట్టాన్ని మా చేత పైకి చదివించారు. తల్లిని పెళ్లాడతావన్న జోస్యం వల్ల ఈడిపస్‌కున్న భయం పోగొడదామని ఆ దూత, అతణ్ణి పెంచిన కోరింత్ రాజదంపతుల గురించి ‘వాళ్లు నీ కన్నవాళ్లు కారు’ అంటాడు. ధైర్యం చెప్పడానికి అన్న ఆ మాటే కథను తలకిందులు చేస్తుంది. చీలమండలు గుచ్చి ఉన్న పసిబిడ్డను ఒక కాపరి చేతుల్లోంచి తానే అందుకున్నానని అతడు చెబుతుంటే, ఈడిపస్ కంటే ముందే అతని భార్య, నిజానికి తల్లి అయిన జొకాస్టాకు అంతా అర్థమైపోతుంది. ఆ పేజీ చదువుతున్నప్పుడు హాలులో ఫ్యాను చప్పుడు తప్ప మరేదీ వినిపించలేదు.

నాలుగో ఆదివారం జరిగిన చర్చ ఒక్కటే కట్టిన రుసుముకు సరిపోతుంది. మచ్చలేని మంచివాడు సుఖం నుంచి దుఃఖంలోకి పడితే జాలీ కలగదు, భయమూ కలగదు, మనసుకు రోత పుడుతుందని అరిస్టాటిల్ 13వ అధ్యాయంలో అంటాడు. ఒకప్పుడు హరిశ్చంద్రుడి వేషం కట్టిన ఒక పెద్దాయన వెంటనే లేచి, “మాస్టారూ, ఏ తప్పూ చేయని మనిషి కాబట్టేనండీ కాటిసీనులో జనం ఏడ్చేది” అన్నారు. మాస్టారు దాన్ని కొట్టిపారేయలేదు. తెలియక చేయబోయిన ఘోరం గుర్తుపట్టడంతో ఆగిపోవడమే అన్నిటికన్నా మేలని 14వ అధ్యాయంలో అరిస్టాటిలే అన్నాడనీ, తమ్ముణ్ణి బలి ఇవ్వబోయి గుర్తుపట్టిన గ్రీకు నాటక నాయిక ఇఫిజీనియా అందుకు ఉదాహరణ అనీ, ఈ రెండు అధ్యాయాలనూ ఎలా పొసగించాలన్నది పండితుల మధ్య పాత వివాదమేననీ చెప్పారు. ఆపైన మాట మంగళసూత్రం మీదికి మళ్లింది. గుర్తుల ఆధారంగా పోల్చుకోవడం తక్కువరకం పద్ధతి అని 16వ అధ్యాయం. భర్తకు మాత్రమే కనిపించే చంద్రమతి మంగళసూత్రం కథలోంచే పుట్టింది కనుక దాన్ని ఆ లెక్కలో వేయకూడదని పెద్దాయన. నేను పెద్దాయన పక్షమే.

లోపాలూ చెప్పాలి. నోట్సులో, నాయకుణ్ణి పతనానికి తెచ్చేదిగా అరిస్టాటిల్ చెప్పిన ‘హమర్తియా’కు ‘పాపం’ అని అచ్చువేశారు. గురి తప్పడం అన్న అర్థంలోంచి వచ్చిన ఆ మాటకు ‘పొరపాటు’ దగ్గరి మాట; పాపం అనేసరికి ఈడిపస్ శిక్షకు పాత్రుడైపోతాడు, జాలికి చోటుండదు. మాస్టారు నోటితో సరిదిద్దారు గానీ కాగితం మీద అలాగే మిగిలిపోయింది. కథార్సిస్‌ను చివరి రోజు నలభై నిమిషాల్లో ముగించడం నాకు నిజంగా బాధ కలిగించింది. నిర్వచనంలో ఆ మాట వాడి వివరణ ఇవ్వకుండా అరిస్టాటిల్ వదిలేశాడు. అది వైద్యంలో చెప్పే విరేచనమా, శుద్ధీకరణమా అన్న వాదానికి, దాని పక్కన మన కరుణరసాన్ని పెట్టి చూడడానికి ఒక పూర్తి ఆదివారం కావాలి. నిర్వాహకులకు ఈ మాట రాసి ఇచ్చాను. ఏడో ఆదివారం పెడితే మళ్లీ రుసుము కట్టి వస్తానని కూడా రాశాను.