పరకాల నుంచి జగిత్యాల దాకా: కాళేశ్వరం దారిలో ఆగి చూసినవి

వరంగల్ వాళ్లకు కాళేశ్వరం అంటే ఒక్కరోజు పని. తెల్లారకముందే బండి తీయడం, సంగమంలో మునగడం, దర్శనం చేసుకోవడం, రాత్రికి ఇంట్లో పడుకోవడం. దారిలో ఉన్న ఊళ్లన్నీ అద్దంలోంచి వెనక్కి పోయేవే. దీపావళి అయ్యాక మేం ఆ పద్ధతి మానేసి, కాళేశ్వరాన్ని మధ్యలో ఒక మజిలీగా పెట్టుకుని, హనుమకొండ నుంచి పరకాల, పాండవుల గుట్ట, గణపురం, రామప్ప, కాళేశ్వరం, మంథని, కరీంనగర్, ఎలగందుల, జగిత్యాల అనుకుంటూ తీరిగ్గా తిరిగాం. బండిలో నేను, మా ఆవిడ, బావమరిది, అత్తమ్మ. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. అందుకే ఏ చోటు ఎలా ఉందో చెప్పేటప్పుడు శిల్పాల కంటే ముందు మెట్ల గురించి చెప్తాను, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు అదే కదా టెన్షన్.

పరకాలలో ఆగాల్సింది అమరధామం దగ్గర. 1947 సెప్టెంబర్ 2న ఇక్కడ జాతీయ జెండా ఎగరేయడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు, మనమింకా నిజాం కిందే ఉన్నాం. ఆ ఘటనను విగ్రహాలతో చూపిస్తూ 2003లో ఈ స్మారకం కట్టారు. విగ్రహాల పనితనం మామూలుగానే ఉంటుంది, కానీ పిల్లలతో వెళ్తే వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడానికే ఒక గంట పడుతుంది. పెద్దవాళ్లకైతే అరగంట చాలు. టిఫిన్ కూడా ఇక్కడే తినేయండి, ముందుకు పోతే భూపాలపల్లి దాకా కుదురుగా కూర్చుని తినే చోట్లు తక్కువ.

రేగొండ దగ్గర ప్రధాన రోడ్డు దిగి లోపలికి పోతే పాండవుల గుట్ట. పేరు పాండవులదే కానీ అసలు సంగతి వాళ్లకంటే చాలా పాతది. ఇక్కడి రాతిగుహల్లో ఆదిమానవులు వేసిన బొమ్మలున్నాయి, 1990లో బయటి ప్రపంచానికి తెలిశాయి. ఎదురు పాండవులు, గొంతెమ్మ గుహ, మేకల బండ అని ఒక్కో చోటికి ఒక్కో పేరు. కొన్నిచోట్ల బండల సందుల్లోంచి ఒళ్లు పక్కకు తిప్పుకుని దూరాలి. అత్తమ్మ కింద చెట్టు నీడలో సకినాల డబ్బా పెట్టుకుని కూర్చుంది, ఆవిడకు ఈ చోటు అంతే. బావమరిదికి మాత్రం యాత్ర మొత్తంలో ఇదే నచ్చింది. బండకు మొహం ఆనించినంత దగ్గరగా వెళ్తే తప్ప మొదట ఏమీ కనపడదు, కళ్లు అలవాటు పడ్డాక ఎర్రటి గీతలు ఒక్కొక్కటే తేలతాయి. ముందు కొమ్ములు, ఆ తర్వాత వీపు గీత, ఆ తర్వాత కాళ్లు. ఆ పక్కనే ఎవరో ప్రేమికులు పెయింటుతో రాసిన పేర్లు మాత్రం కళ్లు అలవాటు పడకుండానే కనపడతాయి. ఇంకొంతమంది బొమ్మ బాగా కనపడాలని బాటిల్‌తో నీళ్లు చల్లుతారు. దండం పెడతా, ఆ పని చేయకండి. తెలిసిన మనిషి తోడు లేకుండా పైకి పోతే గంటసేపు తిరిగినా బొమ్మలు దొరక్కపోవచ్చు, కాబట్టి ఊళ్లో అడిగి ఒకరిని వెంటబెట్టుకోండి. ఎండ ముదరకముందే దిగిపోయేట్టు చూసుకోండి.

అక్కడ్నుంచి చెల్పూరు వైపు వస్తే కాకతీయ థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు కిలోమీటర్ల దూరం నుంచే కనపడతాయి. బొగ్గు లారీలు, బూడిద ట్యాంకర్లు. అద్దాలు ఎక్కించుకుని గణపురం తిరిగిపోతే చాలు, అంతా మారిపోతుంది.

గణపురం కోటగుళ్లు చూశారా అని వరంగల్‌లో పదిమందిని అడిగితే తొమ్మిదిమంది లేదంటారు. రామప్పకు పది, పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నా లేదంటారు. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, పెద్ద రాతి ప్రాకారం లోపల ఒక పెద్ద గుడి, చుట్టూ చిన్న చిన్న గుళ్లు, మొత్తం ఇరవై రెండు కట్టారు. చాలావరకు కూలిపోయాయి. కొన్నింటికి గర్భగుడి మిగిలింది, కొన్నింటికి గడప ఒక్కటే మిగిలింది. ఆ కూలడంలోనే ఒక లాభం ఉంది, ఇది ఎవరూ చెప్పరు. రామప్పలో గుడి నిండుగా ఉంటుంది కాబట్టి మనకు చెక్కడం కనపడుతుంది కానీ కట్టిన తీరు కనపడదు. ఇక్కడ గోడ సగంలో ఆగిపోతుంది, లోపలి రాయి, బయటి రాయి, రెండింటి మధ్య నింపింది అన్నీ కోసిపెట్టినట్టు కనపడతాయి. ఒక దూలం కింద పడి ఉంది, దాని చివర గాడి, పక్కనే నిలబడి ఉన్న స్తంభం నెత్తిన ఆ గాడిలో కూర్చోవాల్సిన బొడిపె. అత్తమ్మ ఆ గాడిలో వేలు పెట్టి చూసి, "మా ఇంటి దర్వాజకు వడ్ల బ్రహ్మయ్య గిట్లనే కొట్టిండు" అంది. అంతకంటే బాగా ఏ గైడూ చెప్పలేడు.

ప్రధాన ఆలయం చూరు కింద ఉండే గజకేసరులను తప్పకుండా చూడండి. ఏనుగు మీదకెక్కిన సింహం, ఒకదానికి మనిషి తల, ఇంకోదానికి గుర్రం తల. రామప్పలో మదనికలు, అంటే అక్కడి ఆడవాళ్ల శిల్పాలు, ఎంత పేరు పడ్డారో ఇక్కడ వీటికి అంత పేరు రావాలి. నేల చాలావరకు చదునుగా ఉంటుంది, గడ్డిలో రాళ్లు చూసుకుంటే మోకాళ్లవాళ్లు కూడా హాయిగా తిరగొచ్చు. మేం ఉన్నంతసేపు ఇంకో రెండు కుటుంబాలు తప్ప ఎవరూ రాలేదు. లేనిదల్లా సౌకర్యమే. తాగడానికి నీళ్లు, తినడానికి ఏమైనా మీరే తెచ్చుకోవాలి, ఏ గుడి ఏమిటో చెప్పే వివరం అంతంతమాత్రం. రోడ్డు మీద బోర్డు కూడా సరిగ్గా కనపడదు, గూగుల్ మ్యాప్స్‌లో కోటగుళ్లు అని కొట్టుకుని వెళ్లండి.

సాయంత్రానికి రామప్ప. దీని గురించి ఎంత రాసినా ఇంతకుముందు ఎవరో రాసే ఉంటారు. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయి, పునాది కింద ఇసుక పోశారు, ఇవన్నీ మనకు నోటికి వచ్చినవే. గుర్తింపు వచ్చాక జనం బాగా పెరిగారు. ఆదివారం అయితే మదనికల కింద సెల్ఫీల కోసమే వరస. అందుకే సాయంత్రం వచ్చి, రాత్రి దగ్గర్లో ఉండి, పొద్దున తలుపులు తీసేసరికి మళ్లీ వెళ్లమని నా సలహా. పొద్దుటి వెలుతురు వాలుగా పడ్డప్పుడు ఎర్రరాతి గుడికి ఆనుకున్న ఆ నల్లరాతి మదనికల చర్మం నిగనిగలాడుతుంది, మధ్యాహ్నం అదే రాయి చప్పగా ఉంటుంది.

ఇక్కడ మాత్రం గైడ్‌ను పెట్టుకోండి. మాకు దొరికిన పెద్దమనిషి ఒక నల్లరాతి స్తంభం దగ్గర ఆగి, చెక్కిన నగలో సూది పట్టేంత రంధ్రంలోంచి దారం దూర్చి అవతల తీసి చూపించాడు. మడమ ఎత్తు చెప్పులేసుకున్న మదనికను చూపించాడు. తర్వాత ఇరవై నిమిషాలు సొంత కథలు చెప్పాడనుకోండి, అది వేరే విషయం. మండపం లోపల నేల అక్కడక్కడా కుంగి ఎగుడుదిగుడుగా ఉంటుంది, పెద్దవాళ్లకు చెయ్యి ఇవ్వాలి. మధ్యాహ్నం వెళ్తే చెప్పులు విడిచాక బండలు కాలతాయి, సాక్సులు పెట్టుకోండి.

బస విషయానికొస్తే, రామప్ప చెరువు కట్ట దగ్గర పర్యాటక శాఖ కాటేజీలున్నాయి. గది మామూలే, చూపు మాత్రం చెరువు మీదకే. వానాకాలం తర్వాత కాబట్టి నీళ్లు నిండుగా ఉన్నాయి. భోజనానికి ముందే చెప్పాలి, చెప్పకపోతే ఉన్నదే పెడతారు, ఉన్నది కూడా తొందరగా అయిపోతుంది. గదులు తక్కువ, శని, ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి. మేడారం జాతర ఉన్న ఏడాది ఆ నెలలో ఈ దారి జోలికే పోకండి.

భూపాలపల్లి దాటాక కాళేశ్వరం దాకా అడవి రోడ్డు. పగలైతే బాగుంటుంది, చీకటి పడ్డాక వద్దు, ఇసుక లారీలు, బొగ్గు లారీలు ఎదురొస్తాయి, హై బీమ్ ఒక్కడూ దించడు. కాటారంలో చాయ్ తాగి పెట్రోల్ పోయించుకోండి.

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి యముడిది, ఒకటి ముక్తేశ్వరుడిది. ముందు యముడికి మొక్కి తర్వాత శివుడి దగ్గరకు రావడం ఇక్కడి పద్ధతి. గుడి కంటే నాకు సంగమమే నచ్చింది. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట అవతలి ఒడ్డు మహారాష్ట్ర. వంతెన దాటితే సిరొంచ, దుకాణం బోర్డు మరాఠీలో ఉంటుంది, లోపల మాట్లాడేది తెలుగే. 2025 మేలో సరస్వతీ పుష్కరాలు ఇక్కడే జరిగాయి. ఘాట్ మెట్లు ఎక్కువ, అత్తమ్మ సగం దిగి చెంబుతో నీళ్లు తెప్పించుకుని నెత్తిన చల్లుకుంది. మేడిగడ్డ బ్యారేజీ కూడా చూద్దాం బావా అని బావమరిది పట్టుబట్టాడు. 2023లో కుంగిన పిల్లర్ల గురించి కారులోనే పెద్ద చర్చ నడిచింది, మా ఆవిడ ఆపకపోతే ఇంకా నడిచేది. బ్యారేజీకి మాత్రం పోలేదు.

ఇక్కడ బసే అసలు దెబ్బ. మేం దిగిన లాడ్జి పేరెందుకు లెండి. ఫోన్లో వేడినీళ్లు ఇరవై నాలుగు గంటలూ అన్నాడు, వెళ్లాక బకెట్‌కు ఇంత అన్నాడు. దుప్పటి మార్చమంటే అదే దుప్పటి దులిపి తిరగేసి పరిచాడు, మేం చూస్తుండగానే! రాత్రి కరెంటు పోతే జనరేటర్ ఆఫీసు గదికే. పెద్దవాళ్లుంటే ఇక్కడ రాత్రి ఉండకుండా మధ్యాహ్నానికే దర్శనం ముగించుకుని మంథనికో, కరీంనగర్‌కో వెళ్లిపోవడం మేలు.

కాటారం నుంచి మంథని, ఆ తర్వాత పెద్దపల్లి వైపు రోడ్డు ఈ కాలంలో సగమే మనది. మిగతా సగం వడ్లది. కోతలు అయిపోయి రైతులు రోడ్డు మీదే ఆరబోశారు, అంచుల వెంట రాళ్లు, రాత్రికి కప్పడానికి చుట్టిపెట్టిన నల్ల టార్పాలిన్లు. పగలు ఇబ్బంది లేదు, చీకట్లో ఆ నల్ల టార్పాలిన్ కనపడక ప్రమాదాలు జరుగుతుంటాయి. రైతును తిట్టి లాభం లేదు, ఆయనకు కల్లం ఎక్కడుంది?

మంథని పాత వేదపండితుల ఊరు. పీవీ నరసింహారావు 1957 నుంచి ఇరవై ఏళ్లు ఎమ్మెల్యేగా ఉన్నది ఈ నియోజకవర్గానికే. చూసే చోట్ల జాబితా పెట్టుకుని పోతే నిరాశ పడతారు. పాత బజారులో, గుళ్ల మధ్య సందుల్లో నడవాలి, అరుగులున్న పెంకుటిళ్లు ఇంకా కొన్ని మిగిలాయి. ఒక ఇంటి ముందు మెస్‌లో పప్పుచారు, దొండకాయ వేపుడు, గడ్డపెరుగు పెట్టారు. మొత్తం యాత్రలో తిన్నవాటిలో ఇదే మంచి భోజనం, అత్తమ్మ రెండోసారి అన్నం అడిగింది అంటే అర్థం చేసుకోండి. మంథని దాటాక రామగిరి ఖిల్లా గుట్ట రోడ్డు మీదకే కనపడుతుంది. ఎక్కడానికి సగం రోజు కావాలి, మేం చూస్తూ పోయాం. పెద్దపల్లి జిల్లాలోనే ధూళికట్ట దగ్గర శాతవాహనుల నాటి బౌద్ధ స్తూపం ఉంది, బౌద్ధం మీద ఆసక్తి ఉన్నవాళ్లు దానికి ఒక పూట వేరుగా పెట్టుకోండి.

కరీంనగర్‌లో అన్ని ధరల్లోనూ హోటళ్లున్నాయి, కాళేశ్వరం తర్వాత ఆ వేడినీళ్ల పంపు చూసి ప్రాణం లేచొచ్చింది. పొద్దున్నే ఎలగందుల ఖిల్లా, ఊరికి పదికిలోమీటర్లే. కాకతీయుల నుంచి ఆసఫ్‌జాహీల దాకా అందరూ ఏలిన కోట ఇది, కరీంనగర్ కంటే ముందు జిల్లా కేంద్రం ఎలగందులే. పైకెక్కితే దిగువ మానేరు నీళ్లు, గుట్టలు, పొలాలు అన్నీ కనపడతాయి. కానీ నీడ లేదు, పైన కంపచెట్లు పెరిగిపోయాయి, కొన్ని మెట్లు విరిగి ఉన్నాయి. అత్తమ్మ మొదటి దర్వాజ దగ్గరే ఆగిపోయింది. తొమ్మిదిలోపు ఎక్కి దిగకపోతే ఎండ చంపేస్తుంది. కోట బయట రెండు మినార్ల కట్టడం, దో మినార్ మాత్రం కారు దిగి చూడొచ్చు, 1754లో నిజాం కింది అధికారి జఫరుద్దౌలా కట్టించిందంటారు. ఒక మినార్ ఊపితే రెండోది ఊగుతుందని చెప్తారు కదా, దయచేసి ఊపి చూడకండి, అది తట్టుకునే వయసులో లేదు.

జగిత్యాల ఖిల్లా కూడా ఆ జఫరుద్దౌలాదే, ఫ్రెంచి ఇంజనీర్లు గీసిన ప్లాను. గుట్ట మీద కాదు, చదును నేల మీద, నక్షత్రం ఆకారంలో, చుట్టూ కందకం. ఎలగందుల చూసి ఇక్కడికొస్తే తేడా వెంటనే తెలుస్తుంది. అక్కడ రక్షణ గుట్ట ఎత్తు, ఇక్కడ రక్షణ గోడ మూలలు, ఒక్కో మూల నుంచి పక్క మూల గోడంతా ఫిరంగికి అందేట్టు మలిచారు. బురుజుల మీద పాత ఫిరంగులు ఇంకా ఉన్నాయి. ఎక్కువ మెట్లు లేవు, అత్తమ్మ బురుజు దాకా వచ్చి ఫిరంగి మీద చెయ్యేసి ఫొటో దిగింది. ఊరి మధ్యలోనే కాబట్టి తిండికి, పార్కింగ్‌కు ఇబ్బంది లేదు, గంటన్నర చాలు.

తిరుగు ప్రయాణం కరీంనగర్, హుజూరాబాద్ మీదుగా హనుమకొండకు. నాలుగు వరుసల రోడ్డు పనుల వల్ల చాలాచోట్ల డైవర్షన్లు, దుమ్ము. కరీంనగర్ నుంచి గంటన్నరలో ఇల్లు చేరతామనుకుంటే ఇంకో గంట కలుపుకోండి, రాత్రిపూట అయితే డైవర్షన్ బోర్డులు అసలు కనపడవు.