పాత టీబీ: ముందే చెప్పాలా, అడిగాక చెప్పాలా?

విదేశాల్లో టీచర్ పోస్టుకు అప్లై చేసేటప్పుడు, ఎప్పుడో నయమైన టీబీ గుండెల్లో మళ్లీ గుబులు రేపుతుంది. ముందొక మాట: అడిగేదాకా ఆగడం వేరు, అడిగితే "లేదు" అని రాయడం వేరు. రెండోది అబద్ధం. దాని జోలికి పోవద్దు.

ముందే చెబితే: కొందరు అక్కడే వెనక్కి తగ్గొచ్చు. బాధే, కానీ ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకముందే తెలుస్తుంది.
అడిగాక చెబితే: మీ పాఠం చూశాకే మీ జబ్బు సంగతి వింటారు. కాకపోతే ఆఫర్ చేతికొచ్చాక చేజారితే దెబ్బ పెద్దది.

శ్రమ రెండింటికీ ఒకటే. టీబీ మందుల కోర్సు పూర్తయినట్టు ఆసుపత్రి ఇచ్చిన కాగితం, అప్పటి ఎక్స్‌రే, ఇప్పటిది పక్కపక్కన పెట్టి డాక్టరుతో ఒక ఉత్తరం రాయించుకోండి. ట్రంకు పెట్టె అడుగున పసుపు మరకలతో పడివున్న ఆ పాత కవరే ఇక్కడ ప్రాణం.

అసలు తేడా దేశాన్ని బట్టి. గల్ఫ్ మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తప్పదు. మానిన మచ్చ కూడా "అన్‌ఫిట్"కు దారితీయవచ్చు. అక్కడికైతే ముందే చెప్పండి, వీలైతే డబ్బు కట్టకముందే సొంతంగా ఎక్స్‌రే తీయించుకోండి. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం ప్రకారం ఆఫర్ ఇవ్వకముందు ఆరోగ్యం గురించి సాధారణంగా అడగకూడదు. 6 నెలలు దాటే వీసాకు మనవాళ్లకు టీబీ పరీక్ష ఉన్నా, అది వెతికేది ఇప్పుడున్న జబ్బు కోసం. అక్కడికి అడిగాక చెప్పడమే నయం.