రెండిరుసుల పని ట్రైలర్: రెండేళ్ల వాడకంలో తేలిన సంగతులు

తోటపనులు, చిన్న కట్టడాల పనులు చేసే మా బృందం కోసం రెండేళ్ల క్రితం 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, రెండు ఇరుసులు, వెనక రాంప్ గేటు (కిందికి వాల్చి యంత్రాలను ఎక్కించే తలుపు) ఉన్న పైకప్పు లేని ట్రైలర్ ఒకటి తీసుకున్నాను. అంతకు ముందు నాలుగేళ్లు ఒంటి ఇరుసు ట్రైలర్ లాగాము కనుక రెంటినీ పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నాను. కొనేవారు మొదట అడిగేది పొడవెంత అని. నేనూ అదే అడిగాను. ఇప్పుడైతే ముందు తూకం సంగతి అడుగుతాను. పొడవు చాలకపోతే రెండుసార్లు తిరిగి పని ముగించవచ్చు గానీ, మోసే శక్తి చాలని ట్రైలర్ పైకి సగం ఖాళీగా కనిపిస్తూనే కింద ఇరుసును వంచేస్తుంది.

మా ట్రైలర్ పలక మీద అచ్చువేసిన బరువు పరిమితి 3,175 కిలోలు. ఇది సరుకు బరువు కాదు, ట్రైలర్ సొంత బరువును కలుపుకొన్న లెక్క. అమ్మినవారి కాగితంలో ఖాళీ బరువు 680 కిలోలని ఉంది. స్టెప్నీ, పనిముట్ల పెట్టె, రెండడుగుల పక్క పలకలు బిగించాక వే బ్రిడ్జి మీద పెడితే 790 కిలోలు తూగింది. ఇక మోయగలిగింది 2,385 కిలోలు. వినడానికి ఇది పెద్ద అంకే అనిపిస్తుంది గానీ, ఘనమీటరు కంకర సుమారు 1,500 కిలోలుంటుంది కనుక, ట్రైలర్ నేలంతా జానెడు ఎత్తున కంకర పరిచేసరికే పరిమితి నిండిపోతుంది. పలకలు ఇంకా పైకి ఉన్నాయి గదా అని లోడర్ నడిపే మనిషి మరో బకెట్ వేయబోతే ఆపవలసింది మనమే. అందుకే పలకల లోపలి వైపు జానెడు ఎత్తున తెల్లరంగుతో ఒక గీత గీయించాను. ఈ ట్రైలర్‌కు నేను చేయించిన మార్పులన్నింటిలోనూ ఖర్చు తక్కువైనదీ, ఎక్కువ పనికొచ్చినదీ అదే.

బరువెంత అన్నది ఒక ఎత్తయితే, అది ఎక్కడ పడుతుందన్నది మరో ఎత్తు. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందున్న హిచ్ (ట్రైలర్‌ను లాగే వాహనానికి తగిలించే కొక్కెం) మీద పడాలి. ఎడ్లబండి తోలినవారికి ఈ మాట కొత్త కాదు: వెనక బరువైతే కాడి పైకి లేస్తుంది, ముందు బరువైతే ఎడ్ల మెడలు నలుగుతాయి. పాత ట్రైలర్‌తో ఒకసారి, దించుకోవడానికి సులువుగా ఉంటుందని పెద్ద గడ్డికోత యంత్రాన్ని గేటు పక్కనే నిలిపి, ముందు భాగంలో పారలు, గొట్టాలు మాత్రమే వేసుకుని బయల్దేరాము. వాలు దిగుతూ వేగం పెరిగేసరికి ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. అలాంటప్పుడు స్టీరింగ్ తిప్పినా, బ్రేకు గట్టిగా తొక్కినా ఊపు ముదురుతుంది. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ కదలనివ్వకుండా పట్టుకుంటేనే క్రమంగా తగ్గుతుంది. కొత్త ట్రైలర్‌కు రెండు ఇరుసులు ఉండటం వల్ల నడక చాలా నిలకడగా ఉంది గానీ, బరువును తప్పుగా సర్దితే ఇదీ ఊగుతుంది. మూడు టన్నుల ట్రైలర్ హిచ్ మీద 300 కిలోలకు తగ్గకుండా మోపుతుందని, ఆ బరువు లాగే వాహనం మోయగలిగే లెక్కలోకే వస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. వెనక సీట్లో ముగ్గురు మనుషులను కూర్చోబెట్టాక ఆ లెక్క ఇట్టే దాటిపోతుంది.

బ్రేకుల విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. రెండు ఇరుసులకూ విద్యుత్ బ్రేకులున్నాయి. ఒక్క ఇరుసుకే బ్రేకులున్న రకం కాస్త చవకగా దొరుకుతుంది గానీ, నేనైతే దాన్ని కొనమని ఎవరికీ చెప్పను. హిచ్ ఊడిపోతే ట్రైలర్ తనంతట తానే ఆగేలా చేసే స్విచ్చుకు చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. దాని పిన్ను లాగి, చక్రాలు పట్టేస్తున్నాయో లేదో నెలకోసారి చూసుకుంటున్నాము.

నిరాశపరిచింది రాంప్ గేటు. ట్రైలర్ నేల ఎత్తు 60 సెంటీమీటర్లయితే, రాంప్ పొడవు 120 సెంటీమీటర్లే. అంటే వాలు 30 డిగ్రీలు. గడ్డికోత యంత్రం ఎక్కుతూ అంచు దగ్గరికి రాగానే దాని కడుపు గేటు కీలుకు రాసుకుంటుంది. గేటు మెట్టవైపు తెరుచుకునేలా బండి నిలిపితే తిప్పలు తగ్గుతాయి గానీ, ప్రతి పనిచోటా అలాంటి నేల దొరకదు. పైగా ఆ గేటు దళసరి రేకుతో చేసినది కావడం వల్ల దారిలో గాలిని అడ్డుకుంటుంది, రోజుకు ఇరవైసార్లు ఎత్తి దించే మనుషుల నడుములు విరుగుతాయి. జాలీ గేటు తీసుకుని, ఎత్తడానికి సాయం చేసే స్ప్రింగులు మొదటే వేయించుకోవడం మంచిది. మేము తర్వాత వేయించుకుని రెట్టింపు శ్రమ పడ్డాము.

లైట్ల కథ వేరు. నాలుగో నెలలో కుడివైపు ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు మసకగా వెలిగేది. అమ్మినవారు బల్బులు మార్చి పంపారు. వారానికే మళ్లీ అదే తంతు. చివరికి నేనే కింద పడుకుని చూస్తే, ఎర్త్ తీగ మరను పెయింట్ మీదే బిగించి ఉన్నారు. ఇనుము తెల్లగా మెరిసేవరకు రంగు గీకి, తీగ కొసను బిగించి, పైన గ్రీజు పూశాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. కొత్త ట్రైలర్ తీసుకునేవారు డబ్బు చెల్లించకముందే ఒక్కసారి కింద తల పెట్టి ఆ మర చూసుకోవాలి.

నేలకు చెక్క పలకలే ఉన్నాయి. తడిలో ఇనుప రేకు జారినట్లు ఇవి జారవు, ఒకటి విరిగితే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. ఇప్పటికి రెండు మార్చాము. టైర్ల మీద గీతలు అరగకముందే వయసు మీద పడుతుంది కనుక, పక్కన ఉండే నాలుగంకెల తేదీని చూడాలి: 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. మలుపుల్లో రెండిరుసుల టైర్లు పక్కకు ఈడ్చుకుపోతాయి కాబట్టి, ఇరుకు చోట్ల ఎక్కువ తిరిగేవారికి అరుగుదల తప్పదు. పాత ట్రైలర్‌ను ఇద్దరం చేత్తో తోసి తిప్పేవాళ్లం. ఖాళీగా ఉన్నా దీనితో ఆ పని కుదరదు.

గడ్డికోత ఒక్కటే చేసేవారికి ఇంత ట్రైలర్ అవసరం లేదు, ఒంటి ఇరుసుది చాలు. కంకర, మట్టి, రాళ్లు మోసేవారు మాత్రం రెండిరుసులకు తగ్గకూడదు. నాకు మళ్లీ కొనవలసి వస్తే ఇదే చట్రం, ఇవే బ్రేకులు అడిగి, రాంప్ మాత్రం కనీసం 150 సెంటీమీటర్ల పొడవుతో, జాలీతో చేసి ఇమ్మంటాను.