పైన పేరు, లోపల సెల్: 18650 బ్యాటరీల సమీక్ష

మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకోగల 18650 లిథియం అయాన్ సెల్‌ని చేతిలోకి తీసుకుని చూసినంత మాత్రాన మంచిదో నాసిరకమో చెప్పడం ఎవరి వల్లా కాదు. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవున్న ఉక్కు డబ్బా, దాని మీద పలచటి ప్లాస్టిక్ తొడుగు, పైకి కనిపించేది అంతే. తొడుగు ఏ రంగులో కావాలన్నా దొరుకుతుంది, దాని మీద ఏ పేరు కావాలన్నా అచ్చేసుకోవచ్చు. లోపల ఏముందో చూడాలంటే డబ్బా కోయాలి, కోస్తే అంటుకునే ప్రమాదం ఉంది. అందుకే టార్చిలైటుకో, పవర్ బ్యాంకుకో, ఈ-సైకిల్ ప్యాకుకో ఈ సెల్ కొనేవాళ్లు నిజానికి కొంటున్నది తయారీదారు ఇచ్చిన మాటని. శాంసంగ్ 30క్యూ, పానసోనిక్ ఎన్‌సీఆర్ 18650బి, ఎల్‌జీ ఎంజే1, సోనీ (ఇప్పుడు మురాటా) వీటీసీ6. ఈ నాలుగూ ఆ మాట మీదే పేరు తెచ్చుకున్నాయి. వాటి పేరు తగిలించుకుని తిరిగే నకిలీలు కూడా సరిగ్గా అక్కడే దొరికిపోతాయి.

డేటాషీట్‌లో చిన్న అంకె

మంచి కంపెనీని గుర్తుపట్టడానికి పెద్ద అంకె చూడక్కర్లేదు, చిన్న అంకె రాసిందో లేదో చూడాలి. ఎన్‌సీఆర్ 18650బి డేటాషీట్‌లో (కంపెనీ ఇచ్చే సాంకేతిక వివరాల పత్రంలో) కెపాసిటీకి ఒకటి కాదు, మూడు అంకెలు ఉంటాయి. 20 డిగ్రీల దగ్గర రేటెడ్ కెపాసిటీ 3,200 ఎంఏహెచ్ (మిల్లీయాంప్ అవర్లు), 25 డిగ్రీల దగ్గర కనీసం 3,250, సగటున 3,350. అంటే "ఏ సెల్ తీసినా ఇంతకు తగ్గదు" అని ఒక గీత గీసి, దాని కింద పడితే తప్పు తమదేనని కంపెనీ ముందే ఒప్పుకుంటోంది. 30క్యూ కూడా అంతే. నామినల్ 3,000 అంటూనే కనీసం 2,950 అని పక్కన రాస్తుంది. 1.5 యాంప్‌లతో 4.2 వోల్టుల దాకా ఎక్కించి, కరెంట్ 150 మిల్లీయాంప్‌లకు పడినప్పుడు ఆపి, 0.2సీ చొప్పున (అంటే కెపాసిటీ అంకెలో ఐదో వంతు కరెంట్‌తో) 2.5 వోల్టుల దాకా దించితే ఆ 2,950 రావాలి. పద్ధతి రాసి ఇవ్వడమే ఇక్కడ అసలు విషయం. సరైన పరికరం ఉన్నవాళ్లు ఎవరైనా కంపెనీని దాని మాటతోనే పరీక్షించవచ్చు.

తమ సెల్ ఏం చేయలేదో కూడా ఈ కంపెనీలు చెబుతాయి. 3,350 ఇచ్చే పానసోనిక్ సెల్ ఎక్కువ కరెంట్ లాగే పనికి కాదు. 30క్యూ కెపాసిటీ కాస్త తక్కువే, కానీ నిలకడగా 15 యాంప్‌లు ఇస్తుంది. ఎంజే1 3,500 ఎంఏహెచ్ ఇస్తూ, కరెంట్‌లో ఈ రెండింటికీ మధ్యన 10 యాంప్‌ల దగ్గర నిలుస్తుంది. వీటీసీ6 15 యాంప్‌లకు రేట్ అయింది, సెల్ వేడి 80 డిగ్రీలకు చేరగానే ఆపే ఏర్పాటు ఉంటేనే 30 దాకా వెళ్లవచ్చని షరతు పెట్టింది. ఆ షరతు ఎగరగొట్టి "30 యాంప్‌లు" అని మాత్రమే రాసే అమ్మకందారు దగ్గర ఏదీ కొనకూడదు.

ఈ తేడాలకు కారణం లోపలి నిర్మాణం. ఎలక్ట్రోడ్ మీద పూత మందంగా వేస్తే శక్తి ఎక్కువ నిలవ ఉంటుంది, కానీ అయాన్లు దాటాల్సిన దూరం పెరిగి కరెంట్ తగ్గుతుంది. పలచగా వేస్తే కరెంట్ పెరుగుతుంది, డబ్బాలో పట్టే పదార్థం తగ్గుతుంది. డబ్బా కొలత మారదు కాబట్టి ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలి. రెండూ గరిష్ఠంగా ఇస్తామనే సెల్ ఉందంటే అక్కడ అబద్ధం ఉందనే లెక్క.

9,900 అని రాసి ఉంటే

ఈ అబద్ధం ఎంత దూరం వెళ్తుందో లెక్క కడితే తెలుస్తుంది. 3,500 ఎంఏహెచ్‌ని 3.6 వోల్టులతో గుణిస్తే 12.6 వాట్ అవర్లు. సెల్ బరువు 48 గ్రాములనుకుంటే కిలోకు 262 వాట్ అవర్లు. ఈ రకం లిథియం అయాన్ సెల్‌కి ఇది దాదాపు గరిష్ఠం. ఇప్పుడు 9,900 అని ముద్ర వేసిన సెల్‌ని అదే బరువుకి 3.7 వోల్టులతో లెక్కేస్తే కిలోకు 760 దాటుతుంది, అంటే దాదాపు మూడు రెట్లు. అంత శక్తి పట్టే రసాయనం ఆ డబ్బాలో లేదు. అసలు కెపాసిటీ చాలాసార్లు 1,000 కూడా ఉండదు. డబ్బా లోపల చిన్న సెల్ ఒకటి పెట్టి, మిగతా చోటు పొడితో నింపినవి కూడా బయటపడ్డాయి. పైన పటారం, లోన లొటారం అనే మాట వీటికి అక్షరాలా సరిపోతుంది.

ఇవి పట్టుకోవడానికి తేలికైన మోసాలు. కష్టమైనది మరొకటి ఉంది: అసలు కంపెనీ తొడుగుని అచ్చుగుద్దినట్టు చేయించి, లోపల పాత ల్యాప్‌టాప్ ప్యాకుల్లోంచి తీసిన సెల్‌నో, ఫ్యాక్టరీ తనిఖీలో నెగ్గని బీ గ్రేడ్ సెల్‌నో పెట్టడం. బరువు సరిపోతుంది, వోల్టేజి సరిపోతుంది, కొన్ని వారాలు పని కూడా చేస్తుంది. నష్టపోయేది కొన్నవాళ్లు ఒక్కరే కాదు. సెల్ వేడెక్కి చెడిపోతే చెడ్డపేరు తొడుగు మీదున్న కంపెనీకే వెళ్తుంది, తొడుగు మార్చినవాడి పేరు ఎక్కడా కనిపించదు.

పరీక్ష

మొదట తూకం. గ్రాములో పదో వంతు చూపే చిన్న కాటా చాలు. ఈ తరగతి సెల్స్ 45 నుంచి 49 గ్రాముల మధ్య తూగాలి. 40కి తక్కువైతే పక్కన పెట్టేయండి.

తర్వాత మల్టీమీటర్. కొత్త సెల్ ఫ్యాక్టరీ నుంచి సగం కన్నా తక్కువ ఛార్జితో వస్తుంది, 3.4 నుంచి 3.7 వోల్టుల మధ్య చూపించాలి. 2 వోల్టుల కిందకి పడిపోయి ఉంటే మళ్లీ బతికించే ప్రయత్నం వద్దు. అంత లోతుగా దిగినప్పుడు లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ ఛార్జి ఎక్కించినప్పుడు కరిగిన రాగి వేరే చోట పేరుకుని, లోపలే షార్ట్ అయ్యే దారి వేస్తుంది.

ఆపైన రెండు కొసలు. భూతద్దం కింద అడుగుభాగం చూడండి. వరుసగా రెండేసి చిన్న చుక్కలు, గీరిన గుర్తులు, ఆకురాయితో నునుపు చేసిన మెరుపు కనిపిస్తే ఆ సెల్‌కి ఒకప్పుడు నికెల్ పట్టీ స్పాట్ వెల్డ్ చేసి ఉండేది, అంటే వాడేసిన సరుకు. పాజిటివ్ వైపు తొడుగు లోపలి తెల్ల రింగు వంకరగా ఉన్నా, తొడుగు కొస ముడతలు పడి ఉన్నా అనుమానించాలి. పేరున్న కంపెనీలు డబ్బా మీదే కోడ్ చెక్కుతాయి లేదా అచ్చేస్తాయి, పారదర్శకమైన తొడుగుల్లోంచి అది కనిపిస్తుంది కూడా. తొడుగు మీద ఉన్న కోడ్, డబ్బా మీద ఉన్న కోడ్ పొంతన లేకుండా ఉంటే ఇక ముందుకు వెళ్లనక్కర్లేదు.

ఇంటర్నల్ రెసిస్టెన్స్‌ని (కరెంట్‌కి సెల్ లోపలే ఉండే అడ్డుని) నాలుగు వైర్ల 1 కిలోహెర్ట్జ్ మీటర్‌తో చూడాలి. ఛార్జర్ తెర మీద చూపే అంకెలో కాంటాక్టుల రెసిస్టెన్స్ కూడా కలిసిపోతుంది, సెల్‌ని తీసి మళ్లీ పెడితే చాలు, మారిపోతుంది. 30క్యూ లాంటి హై డ్రెయిన్ (ఎక్కువ కరెంట్ ఇచ్చే) సెల్ కొత్తగా ఉన్నప్పుడు 30 మిల్లీఓమ్‌ల లోపే ఉండాలి. 60, 70 వస్తే అది 30క్యూ అయినా కాకపోయినా ఎక్కువ కరెంట్ పనికి రాదు.

చివరిగా కెపాసిటీ. ఇక్కడ చాలామంది తొందరపడి అసలు సెల్‌ని నకిలీ అనేస్తారు. కంపెనీ అంకె 2.5 వోల్టుల దాకా దించితే వచ్చేది. ఇంట్లో వాడే చాలా ఛార్జర్లు 2.8 దగ్గరో 3.0 దగ్గరో ఆపేస్తాయి, కాబట్టి కొంత తక్కువే చూపిస్తాయి. పానసోనిక్ సెల్‌లో 3 వోల్టుల కింద కూడా చెప్పుకోదగ్గ శక్తి మిగిలి ఉంటుంది, తేడా దానిలో మరీ కనిపిస్తుంది. 3,350 సెల్ ఛార్జర్ మీద 3,100 చూపిస్తే మోసమని తేల్చకండి. 2,400 చూపిస్తే మాత్రం అనుమానం అక్కర్లేదు.

ఒక పరీక్ష ఎవరూ ఓపిగ్గా చేయరు, కానీ అన్నిటికన్నా నిజం చెప్పేది అదే. 4.20 వోల్టుల దాకా నింపి రెండు వారాలు పక్కన పెట్టి మళ్లీ కొలవండి. 4.15 పైన ఉంటే నిక్షేపం. 4.0 కిందకి జారితే లోపల ఎక్కడో లీకేజి ఉంది. తొడుగు ఎంత మెరుస్తున్నా దాన్ని వాడకూడదు.

తప్పు జరిగినప్పుడు

పేరున్న కంపెనీల దగ్గర తప్పులు జరగవని కాదు. 1991లో లిథియం అయాన్ బ్యాటరీని మొదట మార్కెట్‌లోకి తెచ్చిన సోనీకే 2006లో పెద్ద దెబ్బ తగిలింది. తయారీలో సన్నటి లోహపు రేణువులు సెల్స్‌లోకి చేరి లోపల షార్ట్ అయ్యే ప్రమాదం తలెత్తింది. ఆగస్టులో డెల్ ఒక్కటే ఆ సెల్స్ ఉన్న 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలు వెనక్కి పిలిచింది, తర్వాత యాపిల్ 18 లక్షలు పిలిచింది. 2017లో సోనీ బ్యాటరీ వ్యాపారం మురాటా చేతికి వెళ్లింది. అయినా వీటీసీ సిరీస్‌కి గిరాకీ తగ్గలేదు. ఏ లాట్‌లో (ఒకే విడతలో తయారైన సరుకులో) ఏ సెల్ ఎక్కడికి వెళ్లిందో రికార్డు ఉన్నందువల్లే అన్ని లక్షల ప్యాకులు వెతికి వెనక్కి రప్పించగలిగారు. పేరు లేని సెల్ అంటుకుంటే ఎవరిని పిలవాలో కూడా తెలియదు.

2016 శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 సంగతి మరీ కఠినమైనది. మొదటి విడత వెనక్కి పిలిచి మార్చి ఇచ్చిన ఫోన్లు కూడా కాలిపోయాయి. అక్టోబరులో ఆ మోడల్‌నే ఆపేశారు. తొందరలో సరిగ్గా తేల్చకుండా రెండోసారి అమ్మడం కచ్చితంగా తప్పే, దాన్ని కప్పిపుచ్చనక్కర్లేదు. కానీ 2017 జనవరిలో కంపెనీ 2 లక్షల ఫోన్లు, 30 వేల బ్యాటరీల మీద చేసిన పరీక్షల ఫలితాలు బయటపెట్టింది. ఒక సరఫరాదారు బ్యాటరీలో పైమూల దగ్గర నెగటివ్ ఎలక్ట్రోడ్ వంగిపోయిందని, మరొకరి బ్యాటరీలో వెల్డింగ్ దగ్గర మొనదేలిన లోహపు ముక్కలు మిగిలాయని, కొన్నిటిలో ఇన్సులేషన్ టేపే లేదని వివరంగా చెప్పింది. అదే తప్పు మరో కంపెనీ చేయకుండా ఉండాలంటే అంత స్థాయి వివరం కావాలి.

కొనేటప్పుడు

విడి సెల్స్ వినియోగదారులకు అమ్మేవి కావు అనే తయారీదారుల మాట చాలామందికి నచ్చదు. 2021 జనవరిలో అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ విడి 18650 సెల్స్ కొనవద్దు, వాడవద్దు అని హెచ్చరించింది. ఇవి రక్షణ సర్క్యూట్ ఉన్న ప్యాకుల్లో బిగించడానికి చేసినవి, జేబులో తాళాలతో కలిసి తిరగడానికి కాదు. కాబట్టి "కంపెనీ నుంచి నేరుగా" అని విడి సెల్ అమ్మేవాడి మాట మొదటి అడుగులోనే అనుమానించదగ్గది.

విడిగా తప్పదనుకుంటే రక్షణ సర్క్యూట్ తగిలించి, లోపల ఏ కంపెనీ ఏ మోడల్ సెల్ ఉందో తొడుగు మీదే రాసే రీవ్రాప్ బ్రాండ్లు (వేరే కంపెనీ సెల్‌కి తమ తొడుగు వేసి అమ్మేవి) మేలు. పొడవు 65 కాకుండా 68 నుంచి 70 మిల్లీమీటర్ల దాకా వస్తుంది, పరికరంలో పడుతుందో లేదో ముందే కొలుచుకోండి. ఆ బ్రాండ్ రాసిన యాంప్‌లు లోపలి సెల్ డేటాషీట్‌కన్నా ఎక్కువ ఉంటే దాన్ని వదిలేయండి. తక్కువ రాసే బ్రాండ్లు కూడా ఉన్నాయి, వాటిని నమ్మవచ్చు.

టార్చి, పవర్ బ్యాంకు లాంటి తక్కువ కరెంట్ పనులకు ఎన్‌సీఆర్ 18650బి లేదా ఎంజే1, మోటారు తిప్పే పరికరాలకు 30క్యూ లేదా వీటీసీ6. ప్యాక్ కట్టేవాళ్లు అన్ని సెల్స్ ఒకే లాట్‌వి తీసుకుని, కెపాసిటీ, రెసిస్టెన్స్ కొలిచి జతపరచాలి. ఒకదాని వెనక ఒకటిగా (సిరీస్‌లో) కలిపిన సెల్స్‌లో ఒక్కటి బలహీనంగా ఉన్నా మిగతావి దాన్ని 2.5 కిందకి లాగేస్తాయి. ఇన్వాయిస్ మీద లాట్ నంబరు రాయమని అడగండి. రాయనంటే ఆర్డరు ఇవ్వకండి.