మైఎస్‌క్యూఎల్ 5.7: కోడ్ మార్చాలా, సర్వర్ మార్చాలా?

డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్‌లో 5.7 తర్వాతి వెర్షన్ 8.0. దాని మీద రాసిన అప్లికేషన్‌ని 5.7 సర్వర్‌లో పెట్టగానే, డంప్ (డేటాబేస్ కాపీ ఫైల్) ఎక్కించే దగ్గరే 1273 ఎర్రర్ వస్తుంది. 8.0 డిఫాల్ట్ కొలేషన్ (అక్షరాలను పోల్చే, వరస పెట్టే నియమాలు) 'యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఐ_సీఐ' 5.7కి తెలియదు. డంప్ ఫైల్‌లో ఆ పేరు తీసి 'యూటీఎఫ్8ఎంబీ4_యూనికోడ్_520_సీఐ' పెడితే ఆ ఎర్రర్ పోతుంది.

అసలు శ్రమ క్వెరీలది. 5.7లో 'విత్' క్వెరీలు (తాత్కాలిక ఫలితానికి పేరు పెట్టి వాడేవి), విండో ఫంక్షన్లు (వరసలను కలిపేయకుండానే వాటి మీద లెక్కలు వేసేవి) లేవు. వరసలకు నంబర్లిచ్చే విండో ఫంక్షన్ 'రో_నంబర్' ఉన్న ప్రతిచోటా సబ్‌క్వెరీగా తిరగరాయాలి. ఇంకా ప్రమాదకరమైనది, టేబుల్‌లోకి వచ్చే విలువలను తనిఖీ చేసే 'చెక్' నిబంధన. 5.7 దాన్ని చదివి, ఎర్రరేమీ ఇవ్వకుండా వదిలేస్తుంది. తప్పుడు డేటా లోపలికి చేరిపోతుంది. ఆ తనిఖీని ట్రిగ్గర్‌లోనో (డేటా చేరేటప్పుడు దానంతటదే నడిచే డేటాబేస్ కోడ్) అప్లికేషన్ కోడ్‌లోనో పెట్టి తీరాలి.

సర్వర్‌ని 8.0కి పెంచితే ఈ తిరగరాత ఉండదు. ముందు మైఎస్‌క్యూఎల్ షెల్ అనే కమాండ్ టూల్‌లోని అప్‌గ్రేడ్ చెకర్ నడపండి. 'ర్యాంక్', 'గ్రూప్స్' లాంటి కాలమ్ పేర్లు 8.0లో రిజర్వ్‌డ్ పదాలు, అంటే డేటాబేస్ తన సొంతానికి ఉంచుకున్నవి. 'గ్రూప్ బై' దానంతటదే వరస పెట్టదు, 'ఆర్డర్ బై' రాయాలి. కొత్త యూజర్లకు పాస్‌వర్డ్ పద్ధతి మారినందున పాత డ్రైవర్లు (అప్లికేషన్‌ని డేటాబేస్‌కి కలిపే లైబ్రరీలు) కనెక్ట్ కాకపోవచ్చు. వెనక్కి 5.7కి దిగే దారి లేదు, బ్యాకప్ ఒక్కటే దిక్కు.

5.7కి మద్దతు 2023 అక్టోబర్‌లోనే ముగిసింది. సర్వర్ మీ చేతిలో ఉంటే అప్‌గ్రేడే చేయండి. సర్వర్ మీ చేతిలో లేని షేర్డ్ హోస్టింగ్ అయితేనే కోడ్ మార్చండి.